రిజిస్ట్రీ ఖర్చు

తాళం తీయరని యాదమ్మకు తెలియక కాదు. సమ్మె మొదలైన నాటి నుంచి ఆ గేటుకు అదే తాళం, అదే గొలుసు. అయినా రాయదుర్గంలో డ్యూటీ దిగి హఫీజ్‌పేట్‌లో ఇంటికి పోవలసిన మనిషి, పని గట్టుకుని చుట్టు తిరిగి, రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు ఒక్క నిమిషం నిలబడి చూసిగానీ పోదు. ఆర్టీసీ బస్సులు కూడా బందే కాబట్టి ఈ తిరుగుడంతా షేర్ ఆటోల్లో. ఆటోవాళ్లు కిరాయి రెండింతలు చేశారు. అడిగితే "తెలంగాణ కోసం జర ఓర్చుకో అక్కా" అంటారు. తెలంగాణ వస్తే ఆ ఎక్కువ పైసలు వాపసు ఇస్తారేమో వాళ్లకే తెలియాలి.

ఆ రోజు మాత్రం ఆమె తాళం చూడడానికి రాలేదు. గేటుకు ఎదురుగా వరసగా ఉన్న రేకుల షట్టర్లలో ఒక్కటే సగం ఎత్తి ఉంది. అది దస్తావేజులు రాసే ఈశ్వరయ్యది. కడప జిల్లా మనిషి, ఈ గేటు ముందే జుట్టు నెరిసినవాడు. షట్టరు పూర్తిగా ఎత్తితే సమ్మెకు ఎదురు తిరిగాడంటారని భయం, పూర్తిగా దించుకుంటే కిరాయి ఎక్కడి నుంచి తేవాలన్న భయం. అందుకని సగం ఎత్తుకుని, లోపల స్టూలు మీద కూర్చుని కూరకు ఉల్లిగడ్డలు తరుగుతున్నాడు.

యాదమ్మ వంగి లోపలికి వచ్చింది. "సారూ, రాజయ్య తాతను దవాఖానోళ్లు ఇంటికి తోలిండ్రంట. మా చేతుల ఏం లేదు, తీస్కపోండ్రి అన్నరంట."

ఈశ్వరయ్య కత్తి పక్కన పెట్టాడు. "ఎవురు చెప్పినారు?"

"ఆయన కోడలు జ్యోతి ఫోన్ జేసింది. జరసేపు తెలివి ఉంటదంట, జరసేపు పోతదంట."

"ఇంటి కాడికి తెచ్చినారంటే ఇంక ఎన్నో దినాలు లేవుమ్మా," అన్నాడు ఈశ్వరయ్య. "నేను మొదటినుంచీ నెత్తీ నోరూ కొట్టుకుంటానే ఉండా. స్థలం కొన్న పొద్దే రిజిస్ట్రీ చేపించుకోవల్లని చెప్తే వింటిరా?"

వినకపోవడం కాదు. నాలుగేళ్ల కింద రాజయ్య తన జాగాలో అరవై గజాలు అమ్మినప్పుడు, ఎత్తిన చీటీ డబ్బూ, పుస్తెలతాడు తప్ప ఒంటి మీద ఉన్న బంగారమంతా స్థలం ధరకే సరిపోయింది. రిజిస్ట్రీ ఖర్చు ఎక్కడైనా కొన్నవాళ్లదే. "నీ చేతిల పైసలు పడ్డప్పుడు చెప్పు బిడ్డా, ఎన్నడంటే అన్నడొచ్చి ఏలు పెడ్త" అని రాజయ్య అప్పటికి ఒక నోటరీ కాగితం ఇచ్చాడు. యాదమ్మ, ఆమె మొగుడు మల్లయ్య దాని మీద భరోసాతో రెండు గదులు కట్టుకున్నారు.

ఇక అక్కడి నుంచి మొదలైంది పరుగు. స్టాంపు డ్యూటీ, బదిలీ పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు, అన్నీ సర్కారు కట్టిన రేటు మీద నూటికి ఇంత అని లెక్క. ఆ రేటేమో ఆగస్టు వస్తే చాలు, పైకి లేస్తుంది. మొగుడూ పెళ్లాలు ఏడాదంతా నోరు కట్టుకుని కూడబెడితే అది పోయిన ఏటి లెక్కకు సరిపోయేది, ఈ ఏటి లెక్కకు చాలేది కాదు. ఆ పైన పాత లావాదేవీల సర్టిఫికెట్టు తీయించడానికి, కాగితం రాసినందుకు, సాక్షుల చాయలకు, లోపల ఒక్కో బల్ల దగ్గర ఒక్కొక్కరి చేతిలో పెట్టడానికి వేరే. ఎక్కబోయే లోపల కదిలిపోయే బస్సు వెంట ఉరికినట్టే ఉరికారు. ఈ ఏడు ఎట్లాగో అందుకున్నారు. బ్యాంకులో చలానా కట్టారు, స్టాంపు కాగితం మీద దస్తావేజు రాయించారు, రాజయ్యను తీసుకురావడానికి ఆటో కూడా మాట్లాడుకున్నారు. తెల్లవారితే రిజిస్ట్రీ అనగా సకల జనుల సమ్మె మొదలైంది.

"ఇప్పుడేం జెయ్యాలె సారూ? తాత పోతే ఏమైతది?"

"పోతే స్థలం కొడుకుది. రమేష్ ఏమంటాండాడు?"

"ఇప్పటి రేటు ఇస్తే ఉండుండ్రి, లేకుంటే ఖాళీ చెయ్యుండ్రి అంటడు. వాళ్ల నాయిన ముందు మాత్రం నోరు తెరువడు."

"నీ నోటరీ కాయితం పట్టుకోని కోర్టుకు పోవల్సి వస్తాది. కోర్టు ఖర్చు ముందర ఈ రిజిస్ట్రీ ఖర్చు ఏపాటిది!" ఈశ్వరయ్య కాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఒక దారి ఉండాది. మనిషి లేవలేని స్థితిలో ఉంటే సబ్ రిజిస్ట్రారే ఇంటికి వచ్చి ఏలిముద్ర తీసుకోవచ్చు. డాక్టరు కాయితం పెట్టల్ల, దానికి ఫీజు వేరే కట్టల్ల. చట్టంలోనే ఉండాది."

"వస్తడా మరి?"

ఈశ్వరయ్య షట్టరు కింది నుంచి రోడ్డు అవతలికి చూపించాడు. గేటు పక్కనే గుడారం. "పోయి అడుగు. ఆ సారు అక్కడే కూచోనుండాడు."

గుడారంలో ఆఫీసు వాళ్లంతా చాపల మీద కూర్చుని ఉన్నారు. వాళ్ల మధ్యలో, మెడలో తువ్వాలుతో, చేతిలో మైకుతో మల్లయ్య. రాయదుర్గంలో ఒక ఆఫీసు టవర్ గేటు దగ్గర రాత్రంతా వాచ్‌మన్‌గా నిలబడి, పగలు పడుకోకుండా వచ్చి ఇక్కడ కూర్చుంటాడు. గొంతు మంచిదని మైకు అతనికే ఇస్తారు. ఎవరి ముందూ మాట్లాడని మనిషి, గేటులోకి వచ్చే ప్రతి కారుకూ సలాం కొట్టే మనిషి, మైకు పట్టుకుంటే మాత్రం వేరే మల్లయ్య అయిపోతాడు. అది చూసి యాదమ్మకు ఎన్నోసార్లు ఛాతీ ఉప్పొంగింది. ఆమె కూడా నిన్నగాక మొన్న ఇదే రోడ్డు మీద బతుకమ్మ పెట్టి, కాళ్లు నొప్పులు పుట్టేదాకా ఆడింది. తెలంగాణ రావాలి. కానీ ఈ తాళం పడింది తన ఇంటి మీదేనన్న మాట ఆమె ఎవరితోనూ అనలేకపోయింది.

మల్లయ్య ఆమెను చూసి లేచి వచ్చాడు. "ఏందే, ఇప్పుడొచ్చినవ్?"

"తాతను ఇంటికి తెచ్చిండ్రు. రేపో ఎల్లుండో అంటున్నరు. ఇంటికొచ్చి ఏలు తీస్కునే కానూన్ ఉన్నదంట. జర నువ్వు ఆ సారును అడుగరాదు."

మల్లయ్య మొహం మాడిపోయింది. "నీకేమన్న సమజైతున్నదా? జీతాలు పోయినా సరేనని కూసున్నరు వాళ్లు. ఒక్క కాగితం కదలద్దని పొద్దుగాల మైకుల నేనే చెప్పిన. ఇప్పుడు నా కాగితం కదిలియ్యుండ్రి సారూ అని ఎట్ల అడగాలె?"

"నువ్వు అడగకు. నేనే అడుగుత."

ఆమె చెప్పులు విడిచి చాప మీదికి వెళ్లింది. సబ్ రిజిస్ట్రారు యాభై ఏళ్ల మనిషి, కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. ఆమె చెప్పిందంతా మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు. కసురుకుంటాడేమోనని ఆమె భయపడింది గానీ, మంచినీళ్ల గ్లాసు ఆమె వైపు జరిపాడు. కసురుకుని ఉంటే బాగుండేది.

"నేనొక్కన్ని వచ్చి ఏలు తీస్కుంటే కాదమ్మా. ఫోటో తియ్యాలె, కంప్యూటర్ల ఎక్కాలె, నంబర్ పడాలె. అంత బందున్నది. నేనిప్పుడు లేస్తే వీళ్లందరి మొహం ఎట్ల చూడాలె? సమ్మె అయిపోయిన రోజు మొదటి నంబర్ నీదే. నా మాట నమ్ము."

"నేను నమ్ముత సారూ. తాత ఆగాలె గదా?"

ఆయన కళ్లద్దాలు మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు. పక్కనున్న గుమస్తాలు చాప అంచులు సర్దుకున్నారు. యాదమ్మ లేచి చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటుంటే వెనక మల్లయ్య మైకులో జై తెలంగాణ అన్నాడు. జనం బదులిచ్చారు. రెండోసారి అనబోయి ఆగి, మైకు పక్కవాడికి ఇచ్చేశాడు.

మరునాడు యాదమ్మ పని మానలేదు. మానితే ఆ రోజు కూలి పోతుంది, దాంతో ఒరిగేదేమీ లేదు. ఆమె పనిచేసే సాఫ్ట్‌వేర్ టవర్ లోపల సమ్మె ఉన్నట్టే ఉండదు. ఏసీ చల్లగా ఉంటుంది, లిఫ్టులు తిరుగుతుంటాయి, అద్దాల అవతల రోడ్డు మీద ఊరేగింపు పోతే లోపలికి చప్పుడు కూడా రాదు. ఆమె తుడుపుకర్ర బకెట్లో ముంచి, పిండి, నేల మీద ఎనిమిది అంకె వేసినట్టు అటూ ఇటూ తిప్పుతూ వెనక్కి నడుస్తుంది. ముందుకు నడిస్తే తుడిచిన చోటే అడుగు పడుతుందని చేరిన రోజునే నేర్పించారు.

కాఫీ మిషను దగ్గర తేజస్విని అనే అమ్మాయి ఫోన్‌లో మాట్లాడుతోంది. అనంతపురం పిల్ల, మంచిదే, ఎప్పుడైనా బిస్కెట్ ప్యాకెట్టు ఇస్తుంది. "మదీనాగూడ ఫ్లాట్ రిజిస్ట్రేషన్ ఆగిపోయింది నాన్నా... స్ట్రైక్ కదా... ఏం కాదులే, బిల్డర్ ఒక నెల లేటైనా రేటు మార్చనని మెయిల్ పెట్టాడు. ఈ నెల రెంట్ ఎక్స్‌ట్రా అవుతుంది, అంతే." ఫోన్ పెట్టేసి యాదమ్మను చూసి నవ్వింది. "మీకేం అక్కా, ఈ టెన్షన్లు లేవు. హాయిగా ఉంటారు."

యాదమ్మ కూడా నవ్వింది. ఏమనాలో తెలియనప్పుడు నవ్వడం ఆ ఉద్యోగంలో అలవాటైపోయింది. ఇద్దరి కాగితాలూ ఆగింది ఒకే సమ్మెలో. ఒకరికి అది నెల కిరాయి, ఇంకొకరికి నెత్తి మీది కప్పు. ఆమె బకెట్లో నీళ్లు మార్చుకురావడానికి వెళ్లింది.

డ్యూటీ అయ్యే వేళకు జ్యోతి మళ్లీ ఫోన్ చేసింది. గొంతు బాగా తగ్గించి మాట్లాడింది. "అక్కా, మా ఆయన సాయంత్రం కాగడాల ర్యాలీకి పోతుండు. అప్పుడు రా. మామ నిన్నే యాది జేస్తుండు." ఇంకేదో చెప్పబోయి ఆగి, ఫోన్ పెట్టేసింది.

యాదమ్మ ఉన్నపళంగా ఈశ్వరయ్య దగ్గరికి పోయింది. సంగతి విని ఆయన పెట్టె తెరిచి, రాసి ఉంచిన దస్తావేజు తీశాడు. "అయితే ఒక పని చేద్దాం. ఆఫీసు లేకపోయినా ఏలిముద్ర ఈ పొద్దే పడొచ్చు. ముద్ర పడిన దినం నుంచి నాలుగు నెలల లోపల ఎప్పుడైనా ఆఫీసులో పెట్టొచ్చు. ఆ లోపల ముసలాయన పోయినా, ఆ ఏలు ఆయనదే, తెలివితోనే పెట్టినాడని సాక్షులు చెప్తే కొట్లాడ్డానికి బలం ఉంటాది. గట్టిదని చెప్పను. అయితే నోటరీ కాయితం కన్నా నయం."

"ఈ మాట మొన్ననే చెప్పకపోతివి సారూ."

"సమ్మె రెండు దినాల్లో అయిపోతాదనుకుంటిమి అందరమూ. నేనూ అనుకుంటి." ఆయన సొరుగులోంచి చిన్న ఇంకు ప్యాడు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ముసలోళ్ల ఏలు మీద గీతలు అరిగిపోయింటాయి. ఒత్తగాకు, మరక పడతాది. గోరు ఈ పక్క నుంచి ఆ పక్కకు నిమ్మళంగా దొర్లించల్ల." ఆమె బొటనవేలు పట్టుకుని ఒక చిత్తుకాగితం మీద దొర్లించి చూపించాడు. ఫినాయిలు నీళ్లలో నాని నాని యాదమ్మ వేలి మీద కూడా గీతలు సరిగా పడలేదు. "ముందు నువ్వొక్కతివే లోపలికి పోయి తెలివిలో ఉండాడా లేదా చూడు. ఉంటే పిలువు. సాక్షులుగా నేనూ, నాతోబాటు టీ కొట్టాయనా వచ్చి కూచుంటాం. నువ్వు దాచిపెట్టి చేసే పని కాదిది. ఆయన అమ్మినాడు, నువ్వు కొన్నావు."

అయినా యాదమ్మ ప్యాడును కొంగులో చుట్టి బొడ్లో దోపుకుంది. న్యాయమైన పనికే దొంగలాగా పోవలసి వచ్చినందుకు ఆమెకు ఒళ్లు మండింది.

రాజయ్య ఇల్లున్న సందు మొదట్లో మల్లయ్య నిలబడి ఉన్నాడు. ఆమె ఫోన్‌లో చెప్పిన మాటకు అతను గుడారంలోంచి లేచి వచ్చేశాడు. మెడలో తువ్వాలు లేదు. టీ కొట్టాయనతో కలిసి ఆమె వెనకే వచ్చిన ఈశ్వరయ్య చేతిలోని దస్తావేజు సంచి తను అందుకున్నాడు. "నువ్వు పో. మేమిక్కడ ఉంటం," అన్నాడు పెళ్లాంతో.

జ్యోతి గడపలోనే ఎదురొచ్చింది. యాదమ్మ చేయి పట్టుకుంది గానీ మొహంలోకి చూడలేదు. "గంజి తాపుతున్నక్కా. తెలివిలనే ఉన్నడు." పక్కకు జరిగి దారి ఇచ్చింది.

మంచం మీద రాజయ్య సగానికి సగం అయిపోయి ఉన్నాడు. ఒకప్పుడు ఈ సందులన్నీ ఆయన జొన్న చేను. ఇప్పుడు దుప్పటి కింద మనిషి ఉన్నాడా లేడా అన్నట్టు ఉన్నాడు. యాదమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని, "తాతా, నేను, యాదమ్మను" అంది.

ముసలాయన కళ్లు తెరిచాడు. పోల్చుకున్నాడు. ఆ మొహంలో వచ్చిన వెలుగు చూసి యాదమ్మకు ప్రాణం లేచి వచ్చింది. ఇప్పుడు అడగొచ్చు, ఇప్పుడే పిలవొచ్చు అనుకుని కొంగులో ముడి మీద చేయి వేసింది.

"వచ్చినవా బిడ్డా," అన్నాడు రాజయ్య. గాలి ఎక్కువ, మాట తక్కువ. "ముట్టిందా నీకు?"

"ఏంది తాతా?"

ఆయన దుప్పట్లోంచి కుడిచేయి బయటికి తీశాడు. ఆ చేతి బొటనవేలు గోరు చుట్టూతా నీలం రంగు. ఎవరూ తుడవని ఆ ఇంకు దుప్పటి అంచుకు కూడా అంటింది.

"పొద్దుగాల ఏలు పెట్టిన. రమేష్ పెట్టిచ్చిండు. యాదమ్మ కాగితమే నాయినా, ఆఫీసు బందుంటే ఇంట్లనే పెట్టుమన్నరు అన్నడు. ఇద్దరు సాక్షులను గుడ తోలుకొచ్చిండు. నేను వాన్ని అన్యాలంగ అనుమానపడ్డ. బంగారమసొంటి కొడుకు." ఆయన ఊపిరి కోసం ఆగాడు. "నీ అరువై గజాలు నీకిచ్చిన. నెత్తి మీది బరువు దిగింది."

యాదమ్మ తల తిప్పి జ్యోతిని చూసింది. జ్యోతి గంజి గ్లాసు పట్టుకుని గోడకు ఆనుకుని ఉంది, కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. ముసలాయనకు వినబడకుండా, పెదాలతోనే అన్నట్టుగా అంది. "వీలునామ అక్కా. అంత మా ఆయన పేరు మీదనే. తెల్ల కాగితం మీద రాసిండ్రు. దానికి స్టాంపక్కర్లేదంట, ఆఫీసక్కర్లేదంట. నేను వద్దన్న. తంతనన్నడు."

స్టాంపు అక్కర్లేదు. ఆఫీసు అక్కర్లేదు. నాలుగేళ్లుగా ఆమె నోరు కట్టుకుని, పండగలకు చీర కొనుక్కోకుండా, ఆగస్టు వస్తుందంటే గుండెలు గుబగుబలాడుతూ కూడబెట్టిన ఆ ఖర్చులో ఒక్క పైసా అక్కర్లేదు. కొనుక్కున్నదానికి అన్ని బల్లలు దాటాలి, గుంజుకునేదానికి ఒక తెల్ల కాగితం చాలు. యాదమ్మకు ఏడుపు రాలేదు.

కానీ జాగా ఇంకా పోలేదు. బతికుండగా అమ్మిన కాగితం ఉంటే, వీలునామాలో రాసినా ఆ జాగా రమేష్‌ది కాదు. సందు మొదట్లో ఈశ్వరయ్య ఉన్నాడు, టీ కొట్టాయన ఉన్నాడు, మల్లయ్య ఉన్నాడు. ఆమె గబగబా కొంగు ముడి విప్పి ప్యాడు తీసింది.

"తాతా, ఇంకొక్క కాగితం ఉన్నది. ఒక్కసారి ఏలు..."

రాజయ్య ఆ ప్యాడు చూశాడు. కళ్లను మసక కమ్మింది. నీలం వేలిని అరచేతిలోకి మడిచి, మిగతా నాలుగు వేళ్లు దాని మీద మూశాడు.

"పెట్ట," అన్నాడు. "ఇగ ఎవ్వరొచ్చినా పెట్ట. రెండోసారి ఏలు పెట్టుమని ఎవలన్న వస్తే మోసగాళ్లు నాయినా, యాదమ్మ జాగ గుంజుకుంటరు అని రమేష్ చెప్పిండు. నాకు సదువు రాకపోవచ్చు గని, ఒక జాగకు రెండుసార్లు ఏలు పెట్టేటంత తెలివితక్కువోన్ని గాదు. ఎవలు నువ్వు?"

"నేను తాతా. యాదమ్మను."

"యాదమ్మ జాగ యాదమ్మదే," అన్నాడు ఆయన, ఎవరితోనో పోట్లాడుతున్నట్టు. పిడికిలి గుండెల మీద పెట్టుకున్నాడు.

యాదమ్మ ఆ పిడికిలి మీద చేయి వేసింది. ఎముకలు తప్ప అందులో ఏమీ లేదు. చిన్నపిల్లలు కూడా విప్పదీయగలరు. ఒక్కొక్క వేలూ తీసి, ఇంకు రాసి, ఈశ్వరయ్య చెప్పినట్టు నిమ్మళంగా దొర్లిస్తే సరి. జ్యోతి గోడ వైపు తిరిగి నిలబడింది. చూడలేదని చెప్పడానికి సిద్ధంగా ఉన్నట్టే ఉంది. లేదంటే నిజం చెప్పాలి. తాతా, నీ కొడుకు నిన్ను మోసం చేసిండు అని, పోయే మనిషి చెవిలో చెప్పాలి. వినేంత తెలివి ఉంటుందో లేదో, విని మళ్లీ వేలు పెట్టేంత ప్రాణం ఉంటుందో లేదో.

నాలుగు వేళ్లలో చిటికెన వేలు ఆమె పైకి లేపింది కూడా. ముసలాయన మూలిగాడు. "యాదమ్మది, యాదమ్మది" అంటూ ఇంకా గట్టిగా బిగించబోయాడు. ఆ బిగింపు తన కోసమని తెలిసి, దాన్ని విప్పడానికి ఆమెకు చేతులు రాలేదు. లేపిన వేలును మళ్లీ ఉన్నచోట పెట్టింది.

బయటి నుంచి మల్లయ్య మెల్లగా దగ్గాడు. రమ్మంటావా అని అడుగుతున్నాడు. యాదమ్మ దుప్పటి అంచు సర్దింది.

కాసేపటికి రాజయ్య కళ్లలో మసక తొలగింది. ఆమెను మళ్లీ కొత్తగా చూసినట్టు చూశాడు. "వచ్చినవా బిడ్డా? నీ కాగితం మీద ఏలు పెట్టిన. ముట్టిందా?"

యాదమ్మ ప్యాడు మూసింది. జ్యోతి చేతిలోని గంజి గ్లాసు తను తీసుకుని, ఒక చెంచాడు ఆయన నోటికి అందించింది.

"ముట్టింది తాతా," అంది.